రేడియో ఎండబెట్టిన వేసవి

నిన్న సాయంత్రం ఆరూ పదికి మా మనవరాలు సెల్‌ఫోను చెవికి ఆనించుకుని, హలో హలో అంటూ గదిలోంచి పెరట్లోకి పరుగెత్తి, సన్నజాజి పందిరి కింద ఆగి, అక్కడ నింపాదిగా నవ్వుతూ మాట్లాడుకుంది. ఈ ఇంట్లో సిగ్నల్ రాదని దాని ఫిర్యాదు. అది నిలబడిన చోటు నాకు బాగా తెలుసు. ఒకప్పుడు మా అత్తగారి మంచం సరిగ్గా అక్కడే ఉండేది.

చోడవరంలో ఈ డాబా కట్టుకుని మేం పాలు పొంగించింది 1994 మే 20, శుక్రవారం. తేదీలు నేను మరవను. అంతకుముందు అందరం ఈ పెరట్లోని చుట్టింట్లోనే ఉండేవాళ్లం. గుండ్రటి మట్టిగోడ, పైన కిందికంటా వంగిన తాటాకు కప్పు, మధ్యాహ్నమైతే ఆకుల సందుల్లోంచి దిగిన వెలుగు చుక్కలు అలికిన నేల మీద మెల్లగా జరిగిపోయేవి. బెల్లం వండే రోజుల్లో పాకం వాసన గాలితో వచ్చి దుప్పట్లలో నిలిచిపోయేది. అలాంటి ఇంట్లో పెరిగిన నాతోటివాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. ఒక గాలివానకు ఆ కప్పు సగం లేచిపోయేసరికి మా ఆయన హడలిపోయి, ఎంత గాలి వచ్చినా కదలని ఇల్లు కట్టాలని పట్టుబట్టి, మేస్త్రి వద్దంటున్నా ఇనప చువ్వలు దగ్గర దగ్గరగా అల్లించి శ్లాబు పోయించారు.

అత్తగారికి అప్పటికే చూపు ఆనడం లేదు. ఆమెకు లోకమంటే చేతిలో పట్టే రేడియో ఒక్కటే. పొద్దుటి భక్తిపాటలతో లేచి, పొలం కబుర్లు విని, చెరకుకు నీళ్లు పెట్టాలో వద్దో కొడుక్కి చెప్పి, సాయంత్రం వార్తలు మొదలవగానే దీపం పెట్టమనే మనిషి. గృహప్రవేశం నాటి సాయంత్రం, చుట్టాలందరూ వెళ్లాక, కొత్త గదిలో ఆమె రేడియో తిప్పితే గరగర తప్ప ఏమీ వినబడలేదు.

బ్యాటరీలు మార్చాం. పక్కింటి పిన్ని దిష్టి అంది. చివరికి అత్తగారే తేల్చారు. కొత్త శ్లాబు, నీళ్లు కట్టి ఎన్నాళ్లో కాలేదు, గోడలు తాకితే ఇంకా చల్లగా ఉన్నాయి. "ఒసే కోడలా, రేడియోకి సెమ్మ పట్టేసిందే. సేటలో ఎట్టి ఎండబెట్టు" అన్నారు.

చేటలో మిరపకాయల మధ్య పెట్టి పెరట్లో ఎండకు ఉంచాను. కాసేపాగి తిప్పితే పాడింది! చెమ్మ ఆరిందని సంబరపడి లోపలికి తెస్తే మళ్లీ గరగర. మర్నాడు మళ్లీ చేట, మళ్లీ ఎండ. అలా వానలు పడేదాకా మా ఇంట్లో వడియాలతో పాటు రేడియో కూడా ఎండింది. పిన్ని గోడ మీంచి తొంగిచూసి, "ఏటే, ఇయ్యాల పాటలేనా, వార్తలు కూడా ఎండబెడతన్నావా?" అని వేళాకోళం చేసేది.

జూన్‌లో తొలివాన పడిన మధ్యాహ్నం చేట ఎత్తుకుని పరుగెత్తి, దగ్గరగా ఉంది కదా అని, ఇంకా పడగొట్టని చుట్టింట్లోకి దూరాను. కప్పు ఒక పక్క కారుతోంది, నేలంతా చిత్తడి, రేడియో మీద కూడా నీటిచుక్కలు. అది మాత్రం హాయిగా పాడుతూనే ఉంది. తప్పు చెమ్మది కాదని అప్పుడు తెలిసింది. తాటాకూ మట్టీ రానిచ్చినదాన్ని మా సిమెంటూ ఇనప అల్లికా ఆపేస్తున్నాయి. గాలికి భయపడి కట్టుకున్న ఇల్లు, గాలిలో వచ్చే పాటను కూడా గుమ్మం బయటే నిలబెట్టేసింది.

ఆ మాట చెప్పగానే అత్తగారు తన మంచం చుట్టింట్లో వెయ్యమన్నారు. సోమవారం దాన్ని పడగొట్టి స్నానాలగది కట్టడానికి కూలీలను అప్పటికే మాట్లాడేశారు మా ఆయన. ఆయన మొహం మాడిపోయింది.

"డాబా కట్టి తల్లిని పాకలో పడీసేడని ఊరు నవ్వదేటమ్మా?"

"నవ్వితే నవ్వనీరా బాబూ. ఆ నవ్వు నీ డాబాలోకి ఇనపడదులే."

సోమవారం కూలీలు గునపాలతో వచ్చేసరికి ఆమె చుట్టింటి గుమ్మంలో, ఒళ్లో రేడియో పెట్టుకుని కూర్చున్నారు. చెరకును తొలిచే పురుగు గురించి రేడియోలో ఎవరో చెబుతున్నారు. మా ఆయన తల్లిని లేవమనబోయి ఆగారు, ఒక చెవి వేశారు, ఆ ఏడు మా చేలో పడిన పురుగు అదే కావడంతో మెల్లగా ఆమె పక్కన చతికిలబడ్డారు. ఆ కబురు పూర్తయ్యాక పడగొట్టడానికి వచ్చిన ఆ కూలీల చేతనే కారే చోట కొత్త తాటాకు వేయించారు.

ఆ తరువాత అయిదేళ్లు, సాయంత్రమైతే మేమంతా డాబా వదిలి అక్కడికే చేరేవాళ్లం. వేళాకోళాలాడిన పిన్ని కూడా పీట తెచ్చుకునేది. తాటాకు మీద వాన చప్పుడూ, రేడియోలో వీణా ఒకదానిలో ఒకటి కలిసిపోయి, ఏది ఎక్కడ ఆగిందో తెలియని మగతలో కూర్చునేవాళ్లం. 1999లో అత్తగారు పోయారు. మరుసటి వేసవిలో చుట్టిల్లు తీసేశాం. ఇంట్లోకి టీవీ వచ్చింది. దానికి తీగ ఉంది కనుక గోడ అడ్డం రాలేదు. ఇప్పుడు సాయంత్రమైతే ఈ ఇంట్లో ఎవరి ఫోను పట్టుకుని వాళ్లు ఒక్కో కిటికీ దగ్గర నిలబడతారు.

పోయినవి ఇవి: చుట్టిల్లు ఒకటి, రేడియో ఒకటి, మా అత్తగారు, పక్కింటి పిన్ని, ఆ వెనుక మా ఆయన, అందరం ఒకే మాట వింటూ కూర్చున్న అయిదేళ్ల సాయంత్రాలు. డాబా మాత్రం ఆయన కోరుకున్నట్టే ఉంది. ఇన్ని గాలివానలకు ఒక్క పెళ్ల రాలలేదు.