బిల్లు లేని మిక్సీ

ఆ రోజుల్లో మా విశాఖపట్నంలో ఏ షాపుకి వెళ్ళినా, బేరం కుదిరాక ఇంకో ప్రశ్న మిగిలి ఉండేది. "బిల్లుతో ఇమ్మంటారా, లేకండా ఇచ్చీమంటారా?" బిల్లు రాస్తే అమ్మకం పన్ను పడుతుంది. రాయకపోతే ఆ మేరకు చవక. క్షణం కూడా ఆలోచించకుండా "రాయండి" అనేవాడు ఊరు మొత్తానికి మా నాన్న ఒక్కడేనని నా అనుమానం. పోర్టులో గుమాస్తా, చర్చిలో సంఘపెద్ద. గొడుగు కొన్నా బిల్లు అడిగేవాడు. ఆయన గుమ్మం ఎక్కుతుంటేనే షాపువాళ్ళు కార్బన్ కాగితం వెతుక్కునేవారు.

అమ్మకి ఇదంతా ఒళ్ళుమంట. "సర్కారోళ్ళు మనింటికొచ్చి అడిగారేటి? మీరే ఎదురెళ్ళి ఇచ్చొత్తన్నారు," అనేది. నాన్న చిన్నగా నవ్వి ఊరుకునేవాడు. ఆ నవ్వు చూస్తే నాకూ మండేది.

ఎనభైల మొదట్లో అమ్మ కుడి భుజం పట్టేసింది. చెయ్యి తల దాకా లేచేది కాదు, జడ నేనే వేసేదాన్ని. డాక్టరు రుబ్బురోలు ముట్టుకోవద్దన్నాడు. ఇంట్లో ఏడుగురం తినేవాళ్ళం. పిండి రుబ్బకుండా అంతమందికి ఏం పెట్టాలో మాత్రం ఆయన చీటీలో రాయలేదు. నేను రుబ్బుతానంటే, "పరీక్షలు నీకా, నాకా?" అని అమ్మ కసిరేది.

మిక్సీ కోసం కూడబెట్టాం. డబ్బు సరిగ్గా సరిపోయిన వారంలోనే కరెంటు సామాన్ల మీద అమ్మకం పన్ను పెంచారని పేపర్లో వచ్చింది. మిక్సీ మళ్ళీ మాకు అందకుండా పోయింది.

"బిల్లు లేకండా తెచ్చీండి. ఉన్న డబ్బులకే వచ్చెత్తాది," అంది అమ్మ.

"తప్పు కాదేటే? ఇంకో మూడు నెల్లాగుదాం."

"మీరాగుతారు. నా భుజం ఆగదు."

నాన్న ఆగాడు, అమ్మ రుబ్బింది. పన్ను పెంచినవాళ్ళ మీదకన్నా, అది కట్టి తీరతానన్న నాన్న మీదే నాకు ఎక్కువ కోపం వచ్చింది.

ఒక సాయంత్రం ఆయన డ్యూటీ నుంచి తొందరగా వచ్చాడు. తలుపు తీసి, ఆయన వెనకే నేనూ పెరట్లోకి వెళ్ళాను. అక్కడ అమ్మ కుడిచేతిని ఒళ్ళో పెట్టుకుని, ఎడమచేత్తో పొత్రం తిప్పుతూ ఏడుస్తోంది. మమ్మల్ని చూసి, కంట్లో పిండి పడిందంది. నాన్న బూట్లు కూడా విప్పకుండా వెనక్కి తిరిగాడు. పూర్ణా మార్కెట్ బస్సెక్కి వెళ్ళి అట్టపెట్టెతో వచ్చాడు.

"బిల్లేది నాన్నా?" అన్నాను, ఇన్నాళ్ళ కసి తీరేలా.

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. అమ్మ నా తొడ మీద గిల్లిన గిల్లు రెండ్రోజులు నల్లగా ఉంది.

ఆ ఆదివారం చర్చిలో కానుకల సంచి వచ్చినప్పుడు నాన్న అందులో ఒక కవరు కూడా వేశాడు. ఇంటికి వచ్చే దారిలో అమ్మ నిలదీసింది.

"ఆ కవర్లో ఏటి?"

"మిక్సీ పన్ను. ఈ నెల వంతు."

అమ్మ నడిరోడ్డు మీద పడీపడీ నవ్వింది. "సర్కారుకి కట్టాల్సింది దేవుడికి కడితే రసీదెవులిత్తారండీ?"

నాలుగో నెలలో మిక్సీలోంచి పొగ వచ్చింది. ఏడుగురి పిండి దానికి ఎక్కువైందేమో. గ్యారంటీ ఏడాది ఉంది కదా అని నాన్న దాన్ని తువ్వాల్లో చుట్టుకుని షాపుకి తీసుకెళ్ళాడు, నేను వెంట వెళ్ళాను. షాపాయన మర్యాదగానే మాట్లాడాడు. "బిల్లు లేకండా కంపెనీవోళ్ళు తీసుకోరు గురువుగారూ. ఆ రోజే అడిగాను కదా, మీరేటి బిల్లొద్దంటన్నారేటని."

నాన్న గొడవ పడలేదు. మిక్సీని మళ్ళీ తువ్వాల్లో చుట్టాడు. ఆయన్ని చూసి నాకు చాలా జాలేసింది.

ఇంటికి వచ్చాక ఆయన నేరుగా పెరట్లోకి వెళ్ళాడు. చొక్కా విప్పి, బనీనుతో రోలు ముందు కూర్చున్నాడు. మా వీధిలో మగవాడు అక్కడ కూర్చోవడం ఎవరూ చూసి ఉండరు. పక్కింటావిడ గోడ మీంచి తొంగిచూసింది.

"ఏటలా సూత్తన్నావు? మా ఆయన పన్ను కడతన్నారు," అంది అమ్మ.

నాన్న తలెత్తలేదు, పొత్రం ఆపలేదు. మధ్యలో ఒక్కసారి మాత్రం, పిండి చాలా, ఇంకా మెదగాలా అని అడిగాడు. అమ్మ వచ్చి ఆయన పక్కన కూర్చుని, ఎడమచేత్తో పిండి ఎగదోయడం మొదలుపెట్టింది.