పదిహేడో నంబరు మా అత్తమ్మ

నాకు కోపం తొందరగా వస్తుంది. కరోనా ఏడాది బడులు మూసి పాఠాలన్నీ ఫోన్లోకి వచ్చాక ఇంకా తొందరగా రావడం మొదలైంది. అప్పుడు వరంగల్‌లో ఒక ప్రైవేటు బడిలో ఏడో తరగతికి సైన్స్ చెప్పేదాన్ని. బడిలో అయితే అల్లరి పిల్లాడి మీదికి సుద్దముక్క విసరొచ్చు. ఫోన్లో ఎవరి మీదికి విసురుతాం? అందరూ కెమెరాలు ఆపేసి నల్లటి గళ్లలో పేర్లు మాత్రం పెట్టుకుని కూర్చునేవారు. వింటున్నారో, తింటున్నారో, ముసుగు తన్ని పడుకున్నారో తెలిసేది కాదు.

అది చాలదన్నట్టు హెడ్మాస్టర్ గారొక షరతు పెట్టారు. క్లాసుకు ఇరవై అయిదుగురికి తక్కువ వస్తుంటే ఆ సెక్షన్‌ను పక్క సెక్షన్‌లో కలిపేస్తారట. కలిపాక ఇద్దరు సైన్స్ టీచర్లెందుకు? ఆ రెండో టీచర్ను నేనే. రోజూ క్లాసు కాగానే స్క్రీన్‌షాట్ తీసి ఆయనకు పంపాలి. పెళ్లిళ్లు లేక మా ఆయన ఫోటో స్టూడియోకు తాళం పడింది. నా ఉద్యోగం కూడా పోతే ఇల్లు గడవదు.

ఒకరోజు లెక్క ఇరవై మూడు దగ్గర ఆగిపోయింది. మైకు ఆపి మా ఆయన్ని పిలిచాను. "జర మీ ఫోన్ల లింకు నొక్కుండ్రి. పేరు అడిగితే నేను చెప్పింది కొట్టుండ్రి" అన్నాను. ఇంకొకరు కావాలి. వంటింట్లో మా అత్తమ్మ చింతపండులో గింజలు తీస్తోంది. చర్చి మూసినప్పటి నుంచి ఆమె ఆదివారం ప్రార్థనకు ఫోన్లోనే కూర్చునేది. లింకులు నొక్కడంలో మా ఇంట్లో ఆమెను మించినవాళ్లు లేరు. అలా పదిహేడో నంబరు పాప పేరుతో మా అత్తమ్మ ఏడో తరగతిలో చేరింది.

ఆ పాప అప్పటికి రెండు వారాలుగా రావడం లేదు. వాళ్ల నాన్న నంబరుకు ఒకసారి చేస్తే స్విచాఫ్ అని వచ్చింది. మళ్లీ చేద్దాంలే అనుకున్నాను. ఈలోగా ఆ ఖాళీ నిండిపోయింది కదా, నాకిక తొందరేముంది?

మా ఆయన రోజూ పేరు కొట్టి, ఫోను దిండు పక్కన పడేసి కునుకు తీసేవారు. అత్తమ్మ అలా కాదు. స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, కళ్లద్దాలు తుడుచుకుని అయిదు నిమిషాల ముందే సిద్ధమయ్యేది. నేను హాల్లో పాఠం చెబుతుంటే వంటింట్లోంచి, "నోరు తెరిచి చెప్పు బిడ్డా, లోపల్లోపలనే గునుగుతానవ్" అని ఫోను అవసరం లేకుండానే అరిచేది. అన్నేళ్లుగా నా కూరలకు మార్కులు వేసిన మనిషి ఇప్పుడు నా పాఠాలకూ వేయడం మొదలుపెట్టింది. కూరలకే కాస్త ఎక్కువ పడేవి. ఒకరోజు పాఠం ముగించగానే మైకు ఆపడం మరిచిపోయి గట్టిగా "ఆమెన్" అంది. పిల్లలు పడీపడీ నవ్వారు. నేను పళ్లు నూరుకున్నాను.

అలా రెండు నెలలు గడిచాయి. ఒక ఉదయం చెప్పాపెట్టకుండా హెడ్మాస్టర్ గారు క్లాసులోకి వచ్చారు. పలకరింపుగా నవ్వి, "పదిహేడో నంబర్, ఆకులు పచ్చగా ఎందుకుంటాయమ్మా?" అని అడిగారు. అంతమందిలో ఆయనకు దొరికింది పదిహేడే.

"పత్రహరితం ఉంటది సార్. దేవుడు గట్ల జేసిండు" అంది అత్తమ్మ.

జవాబు సరైనదే. గొంతే ఏడో తరగతిది కాదు.

"ఆ గొంతేంటమ్మా?" అన్నారాయన.

"పాపకు కొంచెం జలుబు సార్" అనేశాను. ఆ రోజుల్లో ఆ మాట అనకూడదని అన్నాక గుర్తొచ్చింది.

ఆయన ఉలిక్కిపడ్డారు. "జలుబా? జ్వరముందా? వాసన తెలుస్తోందా అమ్మా?"

"మంచిగ తెలుస్తాంది సార్. పక్కింట్ల చాపల పులుసు పెట్టిన్రు" అంది అత్తమ్మ.

ఆయనకు భయం తగ్గలేదు. వాళ్ల నాన్నతో తానే మాట్లాడతానన్నారు. "వద్దు సార్, నేనే వెళ్లి కనుక్కుంటాను" అన్నాను.

స్కూటీ తీస్తుంటే అత్తమ్మ మాస్కు కట్టుకుని వెనక ఎక్కింది. "నేను ఎవరి పేరు మీద కూసుంటాననో ఆ పిల్లను జూడొద్దా?" అంది. వరంగల్‌లో వాళ్ల అద్దె ఇంటికి తాళం ఉంటే, పక్కవాళ్లు సొంతూరి పేరు చెప్పారు. నెక్కొండ దాటి ఆ ఊరు చేరేదాకా తిట్టుకుంటూనే ఉన్నాను, హెడ్మాస్టర్‌ను, కరోనాను, చేపల పులుసును.

పాప ఇంటి దగ్గర లేదు. పత్తి చేలో వాళ్లమ్మ పక్కన కలుపు తీస్తోంది. నగరంలో రంగులు వేసే వాళ్ల నాన్నకు పని పోయి అందరూ ఊరికి వచ్చేశారట. ఉన్న ఒక్క ఫోను పగిలిపోయిందట. నన్ను చూసి పాప పరుగెత్తుకొచ్చి, చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుని దూరంగా నిలబడింది.

"మేడం, నా పేరు కొట్టేసిన్రా? ఇగ నన్ను పిలుస్తలేరా?"

రెండు నెలలుగా రోజూ పిలుస్తూనే ఉన్నాను. ఇంకొకరు పలుకుతుంటే, ఈ పిల్ల లేదన్న సంగతే మరిచిపోయాను. రిజిస్టరులో ఆ రెండు నెలల్లో ఆమెకు ఒక్క రోజు కూడా గైర్హాజరు లేదు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు.

అత్తమ్మే మాట్లాడింది. "నీ పేరు కొట్టెయ్యలే బిడ్డా. నీ జాగల నేను కూసున్న. తప్పయింది." సంచిలోంచి తన ఫోన్ తీసి పాప చేతిలో పెట్టింది. "ఇగ నువ్వే కూసో."

"మరి నీకు అవ్వా?"

"నాదేమున్నది, నాకు ఏడు అయిపాయె."

దారిలో, ఆదివారం ప్రార్థన ఎట్లా అని అడిగాను. "ఆదివారం నీ ఫోన్ ఏం జేస్తాంది?" అంది.

ఆ సాయంత్రం హెడ్మాస్టర్ గారికి ఫోన్ చేసి అంతా చెప్పేశాను. చాలాసేపు తిట్టారు, పడ్డాను. మరుసటి నెలలో సెక్షన్లు కలిపేశారు. నాకు వారానికి మూడు క్లాసులు మిగిలాయి. ఏడ్చాను, అబద్ధమెందుకు?

కానీ పాపను కలిసిన మర్నాడు ఉదయం నాకింకా సెక్షన్ ఉంది. ఇరవై అయిదు గళ్లు నిండలేదు. మా ఆయన ఈసారి ఏ పేరూ కొట్టకుండానే నిద్రపోతున్నారు. అత్తమ్మ నా పక్కనే నేల మీద కూర్చుని ఉంది. హాజరు పిలుస్తూ పోయాను. పదిహేడు దగ్గర ఏమీ వినపడలేదు. ఇంకోసారి పిలిచాను. గాలి హోరు, ఎవరో ఎద్దును అదిలిస్తున్న చప్పుడు వచ్చాయి. ఆ తర్వాత ఆయాసపడుతూ ఒక సన్నటి గొంతు వినిపించింది.

"ప్రెజెంట్ మేడం."

తర్వాతి నంబరు పిలవాలి. గొంతు రాలేదు.

"మేడం, మీరు మ్యూట్‌ల ఉన్నరు" అన్నాడొక పిల్లాడు.

నేను మ్యూట్‌లో లేను.