లాల్‌బాగ్ చూపించిన రోజు

మే నెల మధ్యాహ్నం. బెంగళూరు నుంచి బాగేపల్లి పోయే బస్సులో నా పక్కన నడివయసు దాటిన భార్యాభర్తలు కూర్చున్నారు. ఆయన ఒళ్ళో ఆసుపత్రి స్కాన్ కవరు ఉంది. ఆమె చేతిలో రాలిన పువ్వొకటి ఉంది.

"లాల్‌బాగ్ చూసొస్తాండాము. ఎంత చల్లగా ఉండాదమ్మా! తక్కువ ఖర్చుతో చూసేటివి ఇంకా ఏముండాయి?" అని ఆమే పలకరించింది.

అడిగితే చాలు నాకు. కబ్బన్ పార్కులో ఊరికే తిరగొచ్చని, మెట్రో రైలెక్కితే పైనుంచి ఊరంతా కనబడుతుందని హుషారుగా చెప్పుకొచ్చాను. ఆయన మాత్రం తల తిప్పలేదు.

చిక్కబళ్ళాపురంలో బస్సు ఆగగానే ఆయన నీళ్ళ కోసం దిగాడు. సీటు మీద వదిలిన కవరును నిమురుతూ ఆమె మెల్లగా అంది.

"డాక్టరు నా స్కాను చూసి, నన్ను బయట కూర్చోబెట్టి ఈయప్పతోనే మాట్లాడె. మందులతో తగ్గిపోతాదంట అని ఈయప్ప బయటికొచ్చి నాకు చెప్పినాడు. పెండ్లయినప్పట్నుంచీ సేను పని ఇడిసి నన్ను యాడికీ పిల్చుకొని పోయినాయప్ప గాదు. ఈ పొద్దు ఆటో పిలిచి లాల్‌బాగ్ చూపిచ్చినాడు. అప్పుడే నాకు తెలిసిపాయనమ్మా. నాకు తెల్సని ఆయప్పకు చెప్పొద్దు."

ఆయన వచ్చి, సీసా మూత తీసి ఇచ్చాడు. ఆమె తాగి, కొంగుతో మూతి తుడుచుకుంది.

"వచ్చే ఎండాకాలం మెట్రో ఎక్కుదామా? శానా బాగుంటాదని ఈయమ్మ చెప్తాంది."

"ఎక్కుదాంలే" అన్నాడాయన. తర్వాత నావైపు తిరిగి, "టికెట్ యాడ తీసుకోవల్లమ్మా?" అని అడిగాడు.

ఎక్కడ తీసుకోవాలో, ఎక్కడ దిగాలో అంతా చెప్పాను. ఇద్దరూ శ్రద్ధగా విన్నారు.