రేవు శుభ్రం చేయించిన రోజు

నిరుడు కార్తీకంలో మునేటి ఒడ్డున జరిగిన ఒక సంగతిని నా డైరీలో మొదట ఒకటిన్నర లైనులో రాశాను. "రేవు శుభ్రం చేయించాను. కూలీలు నలుగురు, ఆడవాళ్లు. ట్రాక్టరు ఒక ట్రిప్పు." అది చాలదని తెలిసి ఇప్పుడు ఇది రాస్తున్నాను.

నేను హైస్కూలు హెడ్మాస్టరుగా రిటైరై జగ్గయ్యపేటలో ఉంటున్నాను. ఉద్యోగంలో చేరిన ఏడు మొదలుపెట్టిన డైరీ ఇప్పటికీ మానలేదు. వాన పడితే వాన, మునేరు పొంగితే పొంగు, ఇంటికి ఎవరొస్తే వాళ్లు. పొద్దున కాఫీ తాగాక ముందు రోజుది రాస్తాను.

నా దగ్గర చదువుకున్న ఒకమ్మాయి ఇప్పుడు మునేటి ఒడ్డున ఒక ఊళ్లో సైన్సు టీచరు. ఒకరోజు ఫోన్ చేసింది.

"మాస్టారూ, కొరియా పిల్లలు, జపాన్ పిల్లలు ఏటా వీడియో కాల్‌లో కలుసుకుని పర్యావరణం మీద మాట్లాడుకుంటారండి. ఈసారి మన స్కూల్ని కూడా కలుపుకున్నారు. మీరొచ్చి కాస్త పెద్దదిక్కుగా నిలబడాలి."

"నాకు కొరియా భాష రాదు కదమ్మా."

"నాకు మాత్రం వచ్చా ఏంటండీ? అందరూ ఇంగ్లీషే. మన పిల్లల ఇంగ్లీషు వింటే వాళ్లకే ధైర్యం వస్తుందిలెండి."

ఒక్కో దేశం పిల్లలు తమ ఊరి సమస్య ఒకటి చూపించాలి. కొరియా వాళ్లది సముద్రం ఒడ్డుకు కొట్టుకొచ్చే తెగిన వలలు. జపాన్ వాళ్లది ఊరి చెరువులో పెరిగిపోయిన నాచు. అందరూ కలిసి అందులో ఒకదాన్ని ఎంచుకుని ఏడాది పాటు దాని మీద పని చేస్తారు. మనది ఎంచుకుంటే నీళ్లు పరీక్ష చేసే పెట్టె ఒకటి జపాన్ స్కూలు పంపుతుంది.

మన తరఫున మాట్లాడేది పదో తరగతి అమ్మాయి. వాళ్లమ్మ మిరప చేలల్లో కూలి. పురుగుమందు కొట్టే రోజుల్లో రేవు నుంచి నీళ్లు మోసి, డ్రమ్ములో మందు కలుపుతుంది. ఖాళీ అయిన మందు సీసాలు అక్కడే రేవులో పడేసి వెళ్లడం అందరికీ అలవాటు. ఆ పిల్ల మూడు నెలలుగా ప్రతి ఆదివారం చర్చి నుంచి వచ్చాక ఆ సీసాలు లెక్కపెట్టి నోటుబుక్కులో రాసుకుంది. తేదీ, వేళ, నీళ్లు ఏ మెట్టు దాకా ఉన్నాయి, ఏ రంగు సీసాలు ఎన్ని. ఇంత పద్ధతిగా రాసే పిల్లను నా సర్వీసులో చూడలేదు. ఆ మాటే అన్నాను.

"పెట్టె వస్తే చాలు సార్," అంది. "అమ్మ వేళ్ల సందుల్లో తోలు ఊడిపోతంది. ఆర్‌ఎంపీ గారేమో దురద అని ఆయింటుమెంటు రాస్తన్నారు. ఆ నీళ్లల్లో ఏముందో ఎవరన్నా చూసి చెప్పాలి కదా."

కాల్‌కు ముందు రోజు టీచరు ఆ పిల్లను ఇంగ్లీషు సాధన కోసం నందిగామలో తనకు తెలిసిన లెక్చరరు దగ్గరికి తీసుకెళ్లింది. నేను ఒక్కణ్ణే ఆటోలో ఆ ఊరు వెళ్లి రేవు చూశాను. మెట్ల మీద సీసాలు, చిరిగిన యూరియా సంచులు, అట్టపెట్టెలు. రెండు దేశాల వాళ్లు చూడబోతున్నారు. నాకు సిగ్గనిపించింది. నా ఉద్యోగమంతా ఇన్‌స్పెక్షన్ అంటే ముందు రోజు సున్నం, బ్లీచింగు, గేటు ముందు ముగ్గు. ఇంకో ఆలోచనే రాలేదు. ట్రాక్టరు అతనితో మాట్లాడాను. నలుగురు ఆడవాళ్లు వచ్చారు.

"ఎవరొస్తన్నారు సారూ, కలెక్టరుగారా?" అందొకామె, తలకు తువ్వాలు చుట్టుకుంటూ.

"కాదమ్మా. జపాన్, కొరియా వాళ్లు."

"అమ్మో, జపానోళ్లే! మరి భోజనాలెక్కడ?"

"రారు. ఫోన్లో చూస్తారు."

"ఫోన్లో చూసేదానికి ఇంత ఊడ్పిస్తన్నారా! నిజంగా వస్తే మునేటినే కడగమంటారేమో సారూ."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మధ్యాహ్నానికి మెట్లు అద్దంలా ఉన్నాయి. చివర్లో ఆ తువ్వాలు ఆమె ఎవరూ చెప్పకుండానే ముగ్గు కూడా వేసింది.

మర్నాడు ఉదయం పిల్లలతో రేవుకు వెళ్లాం. ఆ అమ్మాయి పై మెట్టు మీదే ఆగిపోయింది. నేను మెచ్చుకుంటుందనుకున్నాను. నోటుబుక్కు గుండెకు అదుముకుని కిందికీ పైకీ చూసింది. అప్పటికే టీచరు చేతిలోని ఫోన్లో అవతలి ముఖాలు కనిపిస్తున్నాయి. పిల్ల తన పేరు చెప్పి, నోటుబుక్కు తెరిచి, మూడు నెలల లెక్క చదివింది. టీచరు ఫోన్ రేవు వైపు తిప్పింది.

రేవు చాలా అందంగా ఉంది, అంది కొరియా అమ్మాయి ఒకతె. తర్వాత జపాన్ అబ్బాయి ఒకడు ఒక్కొక్క మాటా వెతుక్కుంటూ, క్షమించమంటూ అడిగాడు. సీసాలు ఎక్కడ ఉన్నాయి?

పిల్ల టీచరు వైపు తిరిగింది. "నేను అబద్ధం రాయలేదు మేడం."

టీచరు నా వైపు చూసింది. ఆ క్షణంలోనే ముందుకు రావలసింది. రాలేదు. నా కండువా సర్దుకున్నాను. ఫోన్లోని పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అప్పుడు, "నేనే తీయించాను. నిన్న," అన్నాను. టీచరు దాన్ని ఇంగ్లీషులో చెప్పింది.

పిల్లకు కోపం వచ్చినట్టు లేదు. "ఎక్కడ పోయించారు సార్?" అని మాత్రం అడిగింది.

"ట్రాక్టరు అతను తీసుకెళ్లాడమ్మా."

"ఎక్కడికి సార్?"

నాకు తెలియదు. ట్రాక్టరు ట్రిప్పు రాసుకున్నాను కానీ అది ఎక్కడికి పోయిందో అడగలేదు. గేదెల్ని కడుగుతున్న ఒకాయన అక్కడి నుంచే అరిచాడు. "ఇంకెక్కడికండీ, మలుపు కాడ ఒడ్డునే దొర్లించి పోయాడు. పొద్దున నా గేదెల్ని అటు పోనీలా."

అందరం ఫోన్ పట్టుకుని నడిచాం. మలుపు దగ్గర ఒడ్డు మీది నుంచి సంచులు, సీసాలు సగం దాకా జారి నీళ్లలోకి దిగి ఉన్నాయి. మూతలు ఊడిన చోట నీళ్లు పాలు కలిపినట్టు తెల్లగా ఉన్నాయి. మా రేవు చెత్త పోలేదు, కాస్త దిగువకు జరిగింది, అంతే. పిల్ల అక్కడ కూర్చుని మళ్లీ లెక్కపెట్టడం మొదలుపెట్టింది. అవతల రెండు దేశాల పిల్లలూ చూస్తున్నారు. ఆ జపాన్ అబ్బాయి తన పుస్తకంలో ఏదో రాసుకున్నాడు.

చివర్లో కొరియా టీచరమ్మ ఒక ప్రశ్న వేసింది. సైన్సు టీచరు దాన్ని తెలుగులో చెప్పడానికి తటపటాయించింది. పిల్లే చెప్పింది.

"నిన్న ఇవన్నీ ఏరినోళ్లు చేతులకి ఏమన్నా వేసుకున్నారా అని అడుగుతున్నారు సార్."

ఏమీ వేసుకోలేదు. నేను ఇవ్వలేదు. ఆ మాట చెప్పాను.

"మా అమ్మ కూడా వచ్చినట్టుంది సార్," అంది ఆ పిల్ల లెక్క ఆపకుండా. "రాత్రి అన్నం కలుపుకోలేకపోయింది. స్పూనుతో తింది. ఎక్కడ పనికెళ్లావంటే చెప్పలా. సారు చేయిస్తన్న మంచి పని అని మాత్రం అంది."

వాళ్లు మా రేవునే ఎంచుకున్నారు. పెట్టె సంక్రాంతి సెలవుల తర్వాత వచ్చింది. ఇప్పుడు ఆ అమ్మాయి ఆదివారం ఆదివారం నీళ్లలో కాగితపు పట్టీ ముంచి, రంగు చూసి, ఫొటో తీసి రెండు దేశాలకూ పంపుతోంది. వాళ్లు నాలుగు ప్రశ్నలు తిరిగి పంపుతారు. ఆ నీళ్లలో ఏముందో ఇంకా తేలలేదు. పట్టీలతో అంతా తెలియదని, పెద్ద ల్యాబు కావాలని టీచరు అంటోంది. ఆ ల్యాబుల చుట్టూ తిరిగే పని నేను తీసుకున్నాను.

కాల్ అయిన రోజు సాయంత్రమే ఆ పిల్ల వాళ్లమ్మ కోసం వాళ్ల ఇంటికి వెళ్లాను. రేవులో తలకు తువ్వాలు చుట్టుకున్నది ఆమే. చేతులకు కొబ్బరినూనె రాసుకుని గడపలో కూర్చుని ఉంది. నన్ను చూసి లేవబోయింది.

"కూర్చోమ్మా. నీ పేరు కనుక్కుందామని వచ్చాను."

"నా పేరెందుకు సారూ? ముగ్గు బాలేదన్నారా జపానోళ్లు?"

"డైరీలో రాసుకోవాలి."

ఆమె నా ముఖంలోకి చూసి చెప్పింది. మిగతా ముగ్గురి పేర్లూ చెప్పింది. ఇక్కడ రాయడం లేదు కానీ, "కూలీలు నలుగురు" అన్న మాట కొట్టేసి, దాని పైన ఆ నాలుగు పేర్లూ రాశాను. ఆమె పేరు పక్కన, చేతులకు ఏమీ ఇవ్వలేదు, అని రాశాను.