మా బావ చూపించిన తప్పెటగుళ్ళు

ఆ రోజుల్లో టీవీ తెర మూలన 'లైవ్' అన్న ముక్క కనిపిస్తే చాలు, అక్కడ జరుగుతున్నది జరుగుతున్నట్టే చూపిస్తున్నారని నమ్మేవాళ్ళం. ఇప్పుడు ఫోను తీసిన ప్రతివాడూ లైవే కాబట్టి ఎవరూ దేన్నీ నమ్మరు, అదో సుఖం. నేను మాత్రం ఆ నమ్మకం పోగొట్టుకున్నది చాలా ముందే, పెళ్ళయిన కొత్తలో, పలాసలో, మా ఇంటి ముందుగదిలోనే. పోగొట్టినవాడు మా బావ. (బావంటే మా ఆయనే. దూరపు మేనరికం. పెళ్ళయ్యాక "ఏవండీ" అని పిలవమని మా అమ్మ నేర్పింది గానీ కోపం వస్తే నోటికి బావే వస్తుంది. కోపం రోజూ వస్తుంది.)

ముందు నా పిచ్చి సంగతి చెప్పాలి. తోటి ఆడపిల్లలు హీరోల బొమ్మలు కత్తిరించి నోటు పుస్తకాల అట్టలకి అంటించుకునే వయసులో నేను తప్పెటగుళ్ళ జట్ల వెనకాల తిరిగేదాన్ని. చూడనివాళ్ళ కోసం చెబుతున్నాను: గుండ్రటి రేకు తప్పెటని గుండెల మీద కట్టుకుని, కాళ్ళకి గజ్జెలతో, పదిహేను ఇరవై మంది మగాళ్ళు వలయంగా ఎగురుతూ రెండు చేతులా వాయిస్తారు. పాడేది కృష్ణుడి కథ. అందరూ కథకి వెళ్ళేవారు, నేను దెబ్బకి వెళ్ళేదాన్ని. అన్ని చేతులూ ఒక్కసారే పడితే ఒళ్ళంతా ఝల్లుమంటుంది, ఒక్క చెయ్యి వెనకబడినా నాకు అన్నంలో రాయి తగిలినట్టే ఉంటుంది. పలాస పక్కనే ఉద్దానంలో, మా పుట్టినూరి జట్టుకి గురువు మా చిన్నమావయ్య, అమ్మకి తమ్ముడు. పగలంతా కొబ్బరి తోటలో, పొద్దువాలాక తప్పెటతో. వాళ్ళ కళ్ళంలో సాధన జరుగుతుంటే జీడిపిక్కల గోనె మీద కూర్చుని, ఎవరి చెయ్యి తప్పిందో వేలెత్తి మరీ చూపించేదాన్ని. "మావా, ఈ గుంటని ఇంట్లోకి తోలీ, మా పేనాలు తీత్తంది" అని వాయించేవాళ్ళు మొత్తుకునేవారు. "అదేటి సేసినాదిరా? మీరు సరిగ్గా కొట్టండి" అనేవాడు మావయ్య.

పలాస కాలేజీ గ్రౌండులో ఏటా జట్ల మధ్య పోటీ పెట్టేవారు. చివర్లో స్తంభం వెయ్యాలి. అంటే కొందరు కింద నిలబడితే వాళ్ళ భుజాల మీద కొందరు, వాళ్ళ పైన ఒకడు, అలా మూడంతస్తులు లేచి నిలబడాలి, లేస్తున్నంతసేపూ తప్పెట ఆగకూడదు. ఒక్క దెబ్బ ఆగినా స్తంభానికి మార్కుల్లేవు. షీల్డు ప్రతి ఏడూ టెక్కలి వైపు జట్టే పట్టుకుపోయేది. వాళ్ళ గురువుకి ఇంతింత మీసాలుండేవి కాబట్టి మా ఊళ్ళో ఆయన్ని మీసాలాయన అనేవాళ్ళం (ఇంకా ఏవేవో కూడా అనేవాళ్ళం, రాయదగ్గవి కావు). ఆ ఏడు మావయ్య మోకాళ్ళు పట్టేస్తున్నాయి. "ఈపాలి షీల్డు అట్టుకొచ్చి తప్పెట దించేత్తానే, ఇంక నా వొల్ల కాదు" అని నాతోనే అన్నాడు. అంటే అది ఆయన ఆఖరి పోటీ. నేను వెళ్ళకుండా ఉంటానా? కానీ నాకప్పుడు నెలలు నిండుతున్నాయి. మా అత్త, అంటే బావ తల్లి, గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. "తప్పెట దెబ్బకి కడుపులో గుంట అదిరిపోద్ది. నువ్వెల్తే నా సవం మీదుగా ఎల్లాల" అంది. (ఆవిడ శవం ఆ ఏడాది నాలుగైదుసార్లు గుమ్మానికి అడ్డం పడింది.)

అప్పుడు మా బావకి నా మీద జాలి కలిగింది. అదే కొంప ముంచింది. ఆయన పెళ్ళి వీడియోలు తీసేవాడు, కొత్తగా ఊళ్ళో కేబుల్ టీవీలో వాటా కూడా తీసుకున్నాడు. మా ముందుగదే కంట్రోల్ రూము. రెండు టీవీలు, ఒక వీసీఆర్, టేప్ రికార్డరు, నేల నిండా వైర్లు, వాటి మధ్య మా మరిది. (వాడు పొద్దస్తమానం పాటలు పెడుతుంటాడని ఊరంతా స్టీరియో అని పిలిచేది.) "నువ్వు గ్రౌండుకెల్లడమేటే, గ్రౌండునే నీ కాడికి తెత్తాను. లైవ్ ఎట్టేత్తన్నాను" అన్నాడు బావ. గ్రౌండు నుంచి మా ఇంటిదాకా కరెంటు స్తంభాల మీదుగా వైరు లాగించాడు. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. పెళ్ళాం ముచ్చట కోసం ఊరంతా వైరు లాగించిన మొగుడు ఎవరికుంటాడు చెప్పండి?

పోటీ రోజు మధ్యాహ్నానికే వీధిలో ఆడవాళ్ళందరూ మా ముందుగదిలో చేరిపోయారు. నాకు గోడకి దిండు వేసి పెద్దపీట వేశారు. తెర మీద గ్రౌండు కనిపించగానే అందరూ చప్పట్లు కొట్టారు. మొదట వేదిక చూపించాడు. వేదిక మీద పెద్దల్ని ఆ చివర నుంచి ఈ చివరకి, మళ్ళీ ఈ చివర నుంచి ఆ చివరకి చూపించాడు. తర్వాత ముందు వరసలో ఆడవాళ్ళ చీరలు, తర్వాత ఐసు తింటున్న పిల్లలు. కమిటీ ప్రెసిడెంటు భార్య మెడలో నగని దగ్గరగా తెచ్చి కాసేపు అక్కడే ఆపాడు. తెర అడుగున జీడిపప్పు ప్రకటన పరుగెడుతోంది. దూరంగా, ఎవరివో తలకాయల వెనకాల, ఏవో చేతులు లేస్తున్నాయి, పడుతున్నాయి. ఒక జట్టు వచ్చి వెళ్ళిపోయింది కూడా. ఇంతకీ వాటన్నిటికీ వెనక వినపడుతున్నది తప్పెట కాదు, సన్నాయి కాదు, హుషారైన సినిమా డ్యూయెట్టు.

"ఒరే, పాటేటిరా? పాట తీసీ!" అని అరిచాను. మరిది టేప్ రికార్డరు పక్కన నింపాదిగా కూర్చున్నాడు. "ఒదినా, అన్నయ్య సెప్పినాడు. ఉత్త గోలే అయితే జనం మార్చేత్తారంట. పెళ్ళి క్యాసెట్టుకీ ఇలగే గదా, మేళం తీసేసి పాటలెడతాం" అన్నాడు. పెళ్ళి క్యాసెట్టులో భజంత్రీల గోల తీసేసి పాటలు పెట్టడం మా బావకి అలవాటైపోయిన పని. కానీ ఇక్కడ ఆ గోలే కదా పోటీ! లేచి (లేవడానికి ఇద్దరు సాయం పట్టాల్సి వచ్చింది) టేప్ రికార్డరు వైరు పీకి పారేశాను. పాట ఆగింది. నిశ్శబ్దం. తెర మీద మూతులు కదులుతున్నాయి, చేతులు కదులుతున్నాయి, చిన్న చప్పుడు లేదు. "తప్పెట సౌండేదిరా?" అన్నాను. "సౌండుకి వేరే వైరు లాగాలొదినా. ఒక్క వైరే లాగినాం. పాటలున్నాయి గదా, మళ్ళీ సౌండెందుకని..." అని నసిగాడు.

బావ సెల్లుకి ఫోను చేశాను. "బావా, కనీసం వాయించేవోల్లనైనా సూపించు!" ఆయన అటు నుంచి అరుస్తున్నాడు, వెనకాల నిజం తప్పెట్లు మోగుతున్నాయి, అది నాకింకా మంట. "సూపిత్తానే, కంగారేటి? ముందు పెద్దోల్లు పడాల గదా. పెళ్ళిలో మాత్రం తాళి ఎంతసేపు, మిగతాదంతా సుట్టాలే గదా. ఈల్లెక్కడికి పోతారు, అక్కడే గెంతుతుంటారు." ఫోను పెట్టేశాడు. పెట్టకపోతే ఆ ఫోనులోనే వినేదాన్నేమో, అంత తెలివి ఆ క్షణాన తోచలేదు.

అప్పటికి మైకులో మా ఊరి జట్టుని పిలిచారని పక్కింటావిడ పరుగెత్తుకొచ్చి చెప్పింది (ఆవిడ డాబా మీద బట్టలు తీస్తోంది). డాబా! అంత లైవ్ ఇంటి నెత్తిన పెట్టుకుని కింద కూర్చున్నానేమిటి? మెట్ల వైపు నడిచాను. "ఓలమ్మో, మెట్లెక్కీకే, నా మాట ఇనే" అంటూ అత్త వెనకాల, అత్త వెనకాల మరిది, వాడి వెనకాల వీధంతా. పైకి చేరి పిట్టగోడ పట్టుకున్నానో లేదో ఎదురుగా రైలు పట్టాల మీద గూడ్సు బండి వచ్చింది. ఆ బండికి అంతు లేదు. పెట్టె వెనక పెట్టె, పెట్టె వెనక పెట్టె, ఆ ఇంజను డ్రైవరుని తిట్టినన్ని తిట్లు నేను జీవితంలో ఎవర్నీ తిట్టలేదు. ఆఖరి పెట్టె పోయి చప్పుడు సద్దుమణిగేసరికి, తూర్పు గాలిలో తేలుతూ మా మావయ్య జట్టు వినపడింది. నాకు కళ్ళు మూసుకుంటే చాలు. దెబ్బ జోరందుకుంది, అంటే స్తంభం లేస్తోంది. ఒక అంతస్తు. రెండు. దెబ్బ ఇంకా దగ్గర దగ్గరగా పడుతోంది. మూడో అంతస్తు లేచే వేళకి, ఒక్కచోట, గాలిలో చిన్న ఖాళీ. మళ్ళీ అందుకుంది. గ్రౌండంతా ఈలలు. నా చుట్టూ డాబా మీద కూడా చప్పట్లు. నేను మాత్రం పిట్టగోడ వదల్లేదు.

పొద్దుగూకేవేళకి మా ఇంటి ముందు జనం విరుచుకుపడ్డారు. స్తంభంలో తప్పెట ఆగిందని మీసాలాయన, ఆగలేదని మా ఊరి కుర్రాళ్ళు, గొడవ చొక్కాలు పట్టుకునేదాకా వెళ్ళింది. తీర్పు చెప్పేవాళ్ళు ముగ్గురు. ఒకాయన ఆగిందన్నాడు, ఒకాయన లేదన్నాడు. మూడో ఆయన, పాపం, ఏమీ అనలేకపోయాడు. సరిగ్గా అప్పుడే కమిటీవాళ్ళు ఆయన్ని నిలబెట్టి శాలువా కప్పుతున్నారట. "లైవ్ క్యాసెట్టుంది గదా, సూసేద్దాం" అన్నారెవరో. మా బావ గర్వంగా అందర్నీ వెంటబెట్టుకుని వచ్చాడు. మావయ్య కూడా వచ్చాడు, గోడకి చేరబడి నిలబడ్డాడు గానీ కూర్చోలేదు. మరిది టేపు వెనక్కి తిప్పాడు. తెర మీద మా జట్టు కుర్రాళ్ళు భుజాల మీదకి ఎక్కుతున్నారు, ఒక అంతస్తు, రెండు అంతస్తులు, అంతే, తెర గిర్రున తిరిగి వేదిక మీదకి పోయింది. శాలువా. శాలువా మడత విప్పడం, శాలువా కప్పడం, దండ, నమస్కారం, దగ్గరగా మొహం, ఇంకా దగ్గరగా మొహం. సౌండు కూడా ఉంది. నా వెనకాల డాబా ఎక్కబోయే ముందు మరిది మళ్ళీ వైరు పెట్టేశాడు కాబట్టి పాట కూడా ఉంది.

"ఏట్రా ఇది?" అన్నాడు మీసాలాయన. "శాలువా మిస్సయితే ఊరుకుంటారేటండి?" అన్నాడు బావ, నిజంగానే ఆశ్చర్యపోతూ. శాలువా కప్పించుకున్న పెద్దమనిషి మాత్రం దగ్గరికి జరిగి, "బాగా వొచ్చింది బాబూ, నాకో కాపీ తీసిద్దువా?" అన్నాడు. మళ్ళీ కేకలు మొదలయ్యాయి. ఆ గోలలో మా మరిది పుణ్యం కట్టుకున్నాడు. "మా ఒదిన డాబా మీంచి ఇన్నాది. సిన్నప్పటి నుంచి ఇదే పిచ్చి దానికి" అన్నాడు. అందరూ నా వైపు తిరిగారు. "ఆవిడ ఆల్ల మేనకోడలు. ఇంకేటి సెప్తాది?" అన్నాడొకడు. మీసాలాయన చెయ్యెత్తి వాణ్ణి ఆపాడు. "సెప్పనీ. అమ్మా, నీ కడుపులో బిడ్డ మీద ఒట్టేసి సెప్పు. ఆగినాదా, నేదా?" అన్నాడు. "బిడ్డ మీద ఒట్టేటి, నీ మీసాల మీదేసుకో!" అని మా అత్త లేచింది. ఆవిడ నా పక్షాన మాట్లాడ్డం అదే మొదలు.

ఒట్టు వెయ్యలేదు. మావయ్య మొహం చూస్తే అబద్ధం చెప్పాలనే ఉంది. ఆయన ఆఖరి ఏడు, నా ఒక్క మాటతో షీల్డు ఉద్దానం చేరుతుంది. కానీ ఆ ఖాళీ ఇంకా చెవిలో ఉంది. దాన్ని వినలేదని ఎలా అనను? "ఆగినాది. ఒక్క దెబ్బ. మూడో అంతస్తు లెగిసీటప్పుడు" అన్నాను. మా ఊరి కుర్రాళ్ళు నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. మావయ్య గోడని వదిలి, కుంటుకుంటూ నా దగ్గరకి వచ్చాడు. "అంత దూరం నుంచి ఇన్నావేటే?" అన్నాడు. తలూపాను. "నా చెయ్యే. మోకాలు జారింది" అని మీసాలాయన వైపు తిరిగి, "అట్టుకెల్లండి బాబూ షీల్డు" అన్నాడు. తర్వాత నవ్వాడు. ఓడిపోయిన మనిషి నవ్వులా లేదది. నా నెత్తి మీద చెయ్యి వేసి, మా బావకేసి చూసి, "ఒరే అల్లుడూ, నీ వైర్లన్నీ పీకీసి దీన్ని డాబా మీద కూకోబెట్టరా" అన్నాడు.

మా అమ్మ నాతో మాట్లాడలేదు, పురుడు పోసే వేళకి తప్పక మాట్లాడింది. మా ఊరివాళ్ళు చాలా ఏళ్ళు నన్ను టెక్కలి ఆడపడుచు అన్నారు. మావయ్య అన్న మాట ప్రకారం తప్పెట దించేశాడు. ఇప్పుడు పోటీలు ఫోనులో లైవ్ వస్తున్నాయి, సౌండుతో సహా. వాయించేవాళ్ళనే చూపిస్తున్నారు గానీ ఆ తీసే కుర్రాడు మధ్య మధ్యలో తన మొహం కూడా చూపిస్తాడు, పోనీలెండి. మావయ్య ఉద్దానంలో తన మంచం మీద, నేను పలాసలో నా సోఫాలో, ఇంకో ఫోను చెవి దగ్గర పెట్టుకుని ఇద్దరం కలిసి చూస్తాం. ఆయన ఫోనుకి ముందు వస్తుంది, నాకు కొంచెం ఆలస్యంగా వస్తుంది. స్తంభం లేస్తుంటే నేను ఊపిరి బిగబట్టి ఉంటానా, "పోయినాదే! ఎడమేపోడు పోయినాడు, ఇన్నావా?" అని అటు నుంచి ఒకటే కేక. "నాకింకా రాలేదు మావా, ముందే సెప్పీసి సంపకు!" అని నేనూ కేకలేస్తాను. ప్రతిసారీ ఇదే తంతు, ప్రతిసారీ ఇంక ఈ మనిషికి ఫోను చెయ్యకూడదనుకుంటాను. తర్వాత నా ఫోనులో కూడా ఆ దెబ్బ తప్పుతుంది. "ఇన్నాను మావా" అంటాను. అటు నుంచి ఆయన, తానే వాయించి గెలిచినట్టు, నవ్వుతాడు.