నా చేతి కొలతకు కొన్న స్క్రూడ్రైవర్

జహీరాబాద్ బస్టాండు వెనక సందులో మా ఆయనకు చిన్న దుకాణం ఉండేది. ల్యాప్‌టాప్‌లు, ఫోన్లు, చిన్నాచితకా ఎలక్ట్రానిక్ వస్తువులు బాగుచేసేవాడు. నేను ఇంటి దగ్గర జాకెట్లు కుట్టేదాన్ని. ఆయన పని గురించి నాకు తెలిసిందల్లా సాయంత్రం చొక్కా విప్పినప్పుడు జేబులోంచి చాప మీద రాలే సన్నటి స్క్రూలు మాత్రమే.

ఒక ఎండాకాలం ఆయన చేతిలోంచి వస్తువులు జారడం మొదలైంది. ముందు టీ గ్లాసు, తర్వాత తాళంచెవులు. అప్పుడు మేం నవ్వుకున్నాం. ఆ తర్వాత ఒకరోజు ఒక టీచరమ్మ ల్యాప్‌టాప్ విప్పుతుంటే స్క్రూడ్రైవర్ జారి లోపలి బోర్డును గీసేసింది. అది మళ్లీ వెలగలేదు. ఇరవై ఏళ్లలో ఆయన ఒకరి వస్తువు పాడుచేయడం అదే మొదటిసారి. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని, "మొన అరిగింది. కొత్త సామాన్లు కొనాలె," అన్నాడు. ముద్ద కలుపుతున్న ఆయన వేళ్లకేసి చూశాను. బొటనవేలి కింద కండ లోపలికి పోయి గుంట పడింది.

హైదరాబాద్‌లో నరాల డాక్టరుకు చూపించాం. పరీక్షల కాగితాలు వచ్చిన రోజు నేను మందుల కిటికీ దగ్గర వరసలో నిలబడి ఉన్నాను. ఆయనొక్కడే లోపలికి వెళ్లాడు. బయటికొచ్చి, "నరాల జబ్బంట. చేతులల్ల పట్టు పోతదంట. మందుల్తోని జర ఆగుతది గని వాపసు రాదంట," అన్నాడు, వేరెవరి సంగతో చెబుతున్నట్టు. నేను అక్కడే బల్ల మీద కూలబడ్డాను.

"లే. కోఠీకి పోదాం. సామాన్లు కొనాలె," అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. "చేతులే పోతున్నయంటే సామాన్లేంది? నీకేమన్న పిచ్చి లేసిందా?" అన్నాను. ఆయన అప్పటికే ఆటోను ఆపుతున్నాడు.

కోఠీలో పనిముట్లు అమ్మే దుకాణదారు ఒక పెద్ద డబ్బా తెరిచి మా ముందు పెట్టాడు. వందకు పైగా మొనలు వరసగా మెరుస్తున్నాయి. "అందరు గిదే తీస్కపోతున్రు అన్నా," అన్నాడు. మా ఆయన డబ్బా మూత వేసేశాడు. "గిండ్ల మనకు పనికొచ్చేయి పది గూడ లేవు. మెత్తటి ఇనుము. రెండు నెలలల్ల అరిగి స్క్రూ తలకాయలే తినేస్తయి." తర్వాత ఒక చిన్న పెట్టె అడిగి తీయించాడు. మొనకు స్క్రూ తగిలించి ఊపి చూశాడు. అయస్కాంతం గట్టిది, స్క్రూ పడలేదు. పట్టకారు తీసి వెలుతురుకు ఎత్తి, దాని రెండు కొనలు సరిగ్గా కలుస్తున్నాయో లేదో చూశాడు. ల్యాప్‌టాప్ మూత లేపడానికి ఇనుపది వద్దని ప్లాస్టిక్ పలక ఏరుకున్నాడు.

దుకాణదారు ఆయన చేతిని గమనించినట్టున్నాడు. "దొడ్డు పిడిది ఇయ్యనా అన్నా? పట్టుకోనీకి బాగుంటది," అన్నాడు మెల్లగా.

"వద్దు. సన్నదే కావాలె," అని ఆయన నా వైపు తిరిగాడు. "చెయ్యి వట్టు."

స్క్రూడ్రైవర్ నా అరచేతిలో పెట్టాడు. "చూపుడువేలు తలమీద వెట్టు. బొటనవేలు, నడిమి వేలుతోని తిప్పు. ఎట్లున్నది?" పొడుగైందన్నాను. ఇంకొకటి పెట్టాడు. అలా నాలుగో ఐదో మార్చాడు. నాలుగోదో ఐదోదో తిప్పుతుండగా నాకు అర్థమైంది, ఆయన ఎవరి కోసం ఏరుతున్నాడో. నా కళ్లలో నీళ్లు చూసి గొంతు తగ్గించి అన్నాడు: "సూదిల దారం ఎక్కిచ్చే చెయ్యి నీది. వస్తది. నేను చెప్త, నువ్వు చెయ్యి."

మర్నాటి నుంచి మిషను మూసి దుకాణానికి పోయాను. నేను బల్ల ముందు, ఆయన పక్కన స్టూలు మీద. "ముందుగాల బ్యాటరీ తీగ ఊడదియ్యి. అప్పటిదాంక దేన్నీ ముట్టకు." "తీసిన స్క్రూలు తీసిన వరసలనే వెట్టు. అన్ని ఒక్క తీరుగనే కనవడ్తయి గని ఒక్క తీరు కావు." చెప్పిందే చెప్పేవాడు. మెలకువగా ఉన్నంతసేపూ చెప్పేవాడు. అన్నం తింటున్నా, బస్సు కోసం నిలబడినా అదే మాట. ఇంత తొందరేమిటి, ఇంత చాదస్తమేమిటి అని నాకు విసుగొచ్చేది.

ఏడాది తిరిగేసరికి చాలావరకు నేనే చేయగలిగాను. ఒకరోజు ఒక కాలేజీ పిల్ల ల్యాప్‌టాప్ తెచ్చింది. కీబోర్డు మీద టీ ఒలికింది, రేపే పరీక్ష. ఎదురుగా ఇంకో ముగ్గురు నిలబడి ఉన్నారు. లోపలి సన్నటి క్లిప్పు లేపుతుంటే ఆయన, "జర మెల్లగ, ఇరుగుతది," అన్నాడు. మళ్లీ అన్నాడు. మూడోసారి కూడా అన్నాడు.

"జర సప్పుడు జెయ్యకుండ కూసో! నాకు తెల్వదా?" అని అరిచాను.

నిలబడినవాళ్లు చూపులు తిప్పుకున్నారు. ఆయన స్టూలు కొంచెం వెనక్కి జరుపుకున్నాడు. క్లిప్పు విరగలేదు. నేను చెప్పింది నిజమైందని లోపల గర్వపడ్డాను కూడా. ఆ రోజంతా ఆయన మాట్లాడలేదు. తర్వాత కూడా అడిగితేనే చెప్పేవాడు.

రెండు నెలల్లో ఆయన మాట ముద్దముద్దగా రావడం మొదలైంది. భయపడి హైదరాబాద్ తీసుకెళ్లాను. డాక్టరు కాగితాలు చూసి, "చేతుల తర్వాత గొంతు కూడా పోతుందని మొదటిసారే చెప్పాను కదమ్మా ఆయనకు," అన్నాడు.

తిరుగు బస్సులో, సదాశివపేట దాటాక అడిగాను, "నాకెందుకు చెప్పలే?"

ఒక్కో మాటా కూడదీసుకుంటూ అన్నాడు: "చెప్తే... ఏడ్సుకుంట కూసుంటవ్. పని... నేర్సుకోవు."

"ఆ దినం నేను అట్ల అనొద్దుండె," అన్నాను. ఆయన చెయ్యి ఊపాడు, పోనీ అన్నట్టు. ఆ చెయ్యి సగమే లేచింది.

తర్వాతి వానాకాలంలో ఆయన పోయాడు. అప్పటికి నాలుగు నెలలుగా ఆయనకు మాట లేదు. కళ్లతోనే అడిగేవాడు, నేనే జవాబు చెప్పేదాన్ని.

నలభై రోజులు గడిచాక దుకాణం తెరిచాను. కోహీర్ నుంచి ఒక రైతు తన బిడ్డ ల్యాప్‌టాప్ పట్టుకొచ్చాడు. "సారు లేడా అమ్మా?" అని అడిగాడు. "లేడు. నేను చూస్త," అన్నాను. విప్పి, దుమ్ము తుడిచి, వదులైన తీగ బిగిస్తే అది వెలిగింది. ఆ రైతు సంతోషంగా వెళ్లిపోయాడు.

పని ఇప్పుడు బాగానే నడుస్తోంది. ఒక్కటే మనసులో నిలిచిపోయింది. పగలంతా ఫోన్ల మధ్య బతికినవాళ్లం. ఎందరివో ఫోటోలు, మాటలు పోకుండా కాపాడి ఇచ్చాం. ఆయన గొంతు ఒక్కసారి కూడా రికార్డు చేసుకోలేదు. ఆయన చెప్పిన మాటలన్నీ నాకు గుర్తున్నాయి. వాటిని ఏ గొంతుతో చెప్పాడో మాత్రం రోజురోజుకూ మరిచిపోతున్నాను.