పాత కంప్యూటర్‌లో మా హాలు బొమ్మ

నాకు దయ్యాల మీద నమ్మకం ఎప్పుడూ లేదు. హైటెక్ సిటీలో నెట్‌వర్క్ ఇంజనీరుగా పనిచేస్తున్నాను. ఆఫీసులో ఏది వింతగా ప్రవర్తించినా చివరికి వదులైన కేబులో, ఎవరో పెట్టిన తప్పుడు సెట్టింగో బయటపడుతుంది. అందుకే ఇది రాయడానికి ఇంతకాలం మొహమాటపడ్డాను.

అప్పట్లో గోపన్‌పల్లిలో మూడో అంతస్తులో కిరాయికి ఉండేవాళ్లం. నేను, నా భార్య స్వప్న, నాలుగేళ్ల పాప చిన్ని. నా చిన్నప్పటి ఆటలు పాపకు చూపించాలని ల్యాప్‌టాప్‌లో ఎమ్యులేటర్ పెట్టాను. అంటే ఆ కాలపు కంప్యూటర్‌కు నకలుగా నడిచే ప్రోగ్రాం. ఆటల ఫైళ్లు పడగ్గదిలోని డెస్క్‌టాప్‌లో ఉండేవి. ఆ ఫోల్డర్‌ను నెట్‌వర్క్‌లో షేర్ చేసి, హాల్లో కూర్చుని ల్యాప్‌టాప్‌లో తెరిచేవాడిని.

ఆ బిల్డింగ్‌లో ఓనరు ఒకే ఇంటర్నెట్ కనెక్షన్ తీసుకుని అన్ని వాటాలకూ ఇచ్చాడు. నేనేమో పాత ప్రోగ్రాం సతాయిస్తోందని ఫోల్డర్‌కు పాస్‌వర్డ్ తీసేశాను. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు, ఆఫీసులో సెక్యూరిటీ పాఠాలు చెప్పే నేనే ఇంట్లో తలుపులు బార్లా తెరిచాను.

ఒక ఆదివారం పొద్దున ఆటల మధ్య కొత్త బొమ్మ ఫైలు కనిపించింది. తెరిస్తే మా హాలు. పదహారు రంగుల్లో, గళ్లు గళ్లుగా, మా సోఫా, మా కర్టెన్లు. డెస్క్‌టాప్‌లో అదే ఫోల్డర్ చూస్తే ఆ ఫైలు లేదు. ఎమ్యులేటర్‌లో మాత్రమే ఉంది. ఎవరో మా ఇంట్లోకి తొంగిచూస్తున్నారని ఒళ్లు జలదరించింది. కిందికెళ్లి, నెట్ ఇంకా ఎవరెవరు వాడుతున్నారని ఓనర్ని అడిగాను.

"పరేషాన్ గాకుండ్రి సార్. కిందోళ్లు ఊరికి వోయిండ్రు, పై ఇల్లు ఖాళీనే. ఇప్పుడు నెట్టు వాడేది మీరొక్కరే" అన్నాడు.

నమ్మలేదు. మధ్యాహ్నం రౌటర్ వైరు పీకేసి, ల్యాప్‌టాప్‌ను డెస్క్‌టాప్‌కు నేరుగా కేబుల్‌తో కలిపాను. ఇక బయటివాళ్లు వచ్చే దారే లేదు. స్వప్న కూరగాయలకు వెళ్లింది. చిన్ని నా వెనక ఆడుకుంటోంది.

ఫైలు ఇంకా అక్కడే ఉంది. తెరిచాను. అదే హాలు, కానీ ఈసారి బొమ్మలో నేనూ ఉన్నాను, ల్యాప్‌టాప్ ముందు కూర్చుని. నా వెనక బాల్కనీ. అక్కడ ప్లాస్టిక్ స్టూలు మీద పసుపు గౌను వేసుకున్న పిల్ల.

ఆ గౌను పొద్దున నేనే తొడిగాను. వెనక్కి తిరిగితే హాల్లో పాప లేదు.

ఎలా పరిగెత్తానో తెలీదు. చిన్ని స్టూలెక్కి, రెయిలింగ్ మీంచి పొట్టదాకా అవతలికి వంగి ఉంది. నడుము పట్టి లాగేశాను. ఇద్దరం నేల మీద పడ్డాం. పిల్లను గుండెకు అదుముకుని ఏడ్చేశాను.

స్వప్న వచ్చేసరికి బొమ్మ తెర మీదే ఉంది. తనూ చూసింది. తనది నంద్యాల, కంగారుపడితే ఆ యాసే వస్తుంది.

"దేవుడే చూపిచ్చినాడు. లేకుంటే మనకు పాప దక్కేదా?" అని దండం పెట్టుకుంది.

అప్పుడే నేను బొమ్మను పూర్తిగా చూశాను. రెయిలింగ్ అవతల, కాలు పెట్టడానికి చోటే లేని చోట, రెండు చేతులు పాప వైపు చాచి ఉన్నాయి. స్వప్నకు చూపిస్తే, పడకుండా పట్టుకున్న చేతులవి అంది. నేను మాత్రం వెళ్లి బాల్కనీ తలుపు గడియ పెట్టేశాను.

ల్యాప్‌టాప్ ఆపి మళ్లీ వేస్తే ఫైలు లేదు. ఆ నెలలోనే నార్సింగిలో కింది వాటా చూసుకుని మారిపోయాం. నాకు తెలిసిన విద్యంతా వాడినా ఆ ఫైలు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఈరోజుకీ చెప్పలేను. ఆ చేతులు పాపను ఆపడానికి చాచినవో, అందుకోవడానికి చాచినవో అంతకన్నా చెప్పలేను.

చిన్ని ఎవరు చేతులు చాచినా నవ్వుతూ వెళ్లబోతుంది. ప్రతిసారీ నేనే ముందుగా ఎత్తేసుకుంటాను.